మందులేని తూటా

మోంటానా కొండల్లోని ఆ ఊళ్లో మొదటిసారి ఎల్క్ దుప్పి వేటకు పోయేవాడెవడైనా ముందు ఇనెజ్ హాల్వర్సన్ తుపాకుల కొట్టుకే వస్తాడు. డెబ్భై దాటినా ఆవిడ కౌంటర్ వెనక కుర్చీ వేయించుకోలేదు. వచ్చినవాడి మొహం చూడదు, భుజాలు చూస్తుంది. చొక్కా జేబులో ఎప్పుడూ ఒకటే ఇత్తడి తూటా ఉంటుంది. మాట్లాడుతూ దాన్ని తడుముకుంటూ ఉంటుంది.

మొన్న గ్రేడీ అనే ప్లంబరొచ్చాడు, తలుపంత మనిషి. "త్రీ హండ్రెడ్ మ్యాగ్నమ్ తుపాకి ఇవ్వు పెద్దమ్మా. గుర్రమంత జంతువు, చిన్న తూటాకి పడుద్దా?" అన్నాడు. "సరే నాయనా, పద," అని కొట్టు వెనక మట్టిదిబ్బ దగ్గరికి తీసుకెళ్లి, ప్రతిసారీ తనే తూటా పెట్టి తుపాకి చేతికిచ్చింది. రెండుసార్లు పేలింది. భుజం అదిరినా గ్రేడీ నవ్వాడు. మూడోసారి ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమని ఊరుకుంది. అయినా అతను కళ్లు గట్టిగా మూసేసుకున్నాడు, గొట్టం జానెడు కిందికి దిగిపోయింది.

"పేలకముందే బెదిరిపోతే ఎట్లారా? దెబ్బ ఎంత పెద్దదని కాదు, ఎక్కడ తగిలిందని," అంటూ ఇనెజ్ తేలికపాటి టూ సెవెంటీ తుపాకి అతని చేతికిచ్చింది. దాంతో గ్రేడీ కన్నార్పకుండా కాల్చాడు. ఆవిడ మ్యాగ్నమ్‌లోంచి తీసిన ఇత్తడి తూటాని మళ్లీ జేబులో వేసుకుంటుంటే, "మందులేని తూటా పెట్టి నా పరువు తీశావు గదా! ఎక్కడిదది?" అన్నాడు చెవులు ఎర్రబడి.

"మా నాన్నది. పదమూడేళ్లప్పుడు నేనూ కళ్లు మూసుకున్నాలే."