ఉప్పునీటి గాజు మోసుకుని రాజాం మీదుగా

విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో శ్రీకాకుళం బస్సు కండక్టరు నా చేతిలో అల్యూమినియం క్యాను చూసి మెట్ల మీదే అడ్డం నిలబడ్డాడు.

"ఏటమ్మా అది? గేసా?"

"ద్రవ నైట్రోజన్. గాలిలో ఎక్కువ భాగం ఉండేది ఇదే. బాగా చల్లబరిస్తే నీళ్ళలా అవుతుంది."

"గాలి బస్సు నిండా ఉన్నాది కదా! మళ్ళీ మీరు మోసుకురావడం దేనికి? దిగండి."

దిగాను. నేను డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. పీహెచ్‌డీ చేసింది ఉప్పునీటి మీద. మా అత్తగారు దాన్ని ఐసుఫ్రూటు చదువు అంటారు. మామూలుగా నీళ్ళు గడ్డకట్టేటప్పుడు అణువులు బుద్ధిగా వరసకట్టి స్ఫటికాలవుతాయి. వరసకట్టే వ్యవధి ఇవ్వకుండా హఠాత్తుగా చల్లబరిస్తే, ఎక్కడివక్కడే బిగుసుకుపోయి గాజవుతాయి. మంచినీళ్ళను అలా లొంగదీయడం మహా కష్టం. లిథియం క్లోరైడ్ లాంటి లవణం దండిగా కలిపిన నీళ్ళు మాత్రం సులువుగా దారికొస్తాయి. దీన్ని పిల్లలకు కళ్ళారా చూపిస్తానని శ్రీకాకుళంలో పనిచేసే నా స్నేహితురాలు సుజాతకు మాటిచ్చాను. "దీనివల్ల ఉపయోగమేంటి?" అని అడిగిన ప్రిన్సిపాల్‌తో గొడవపడి మరీ ఆమె హాలు సంపాదించింది. నైట్రోజన్ పశువుల వీర్యం నిల్వచేసే కేంద్రంవాళ్ళు దయతలచి ఇచ్చారు.

తర్వాతి బస్సు రాజాంది. చుట్టుదారే అయినా అక్కడ బస్సు మారి శ్రీకాకుళం చేరొచ్చు. ఈ బస్సు కండక్టరు పాల క్యాను అనుకున్నట్టున్నాడు, ఏమీ అడగలేదు. ఎవరైనా ఇలాంటి సామానుతో బయల్దేరితే నా సలహా ఒకటే: కిటికీ తెరిచి దాని పక్కనే కూర్చోండి, మూత బిగించకండి. లోపల ఆవిరవుతూనే ఉంటుంది. దారి మూస్తే మొదటి కండక్టరు భయమే నిజమై క్యాను పేలుతుంది.

చీపురుపల్లిలో ఇడ్లీ తిన్నాను. చట్నీ బాగుంది, ఇడ్లీ గురించి అడక్కండి. అక్కడే పైడయ్య అనే రైతు ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. క్యాను చూడగానే ఆయన ముఖం వెలిగిపోయింది.

"సూదికే కదమ్మా ఎల్తన్నారు? దేవతలా దొరికినారు. మా గేదె రాత్రినుంచి అరుస్తన్నాది. ఎదకొచ్చినాది."

"నేను చూడి సూదులు వేసే పశువుల డాక్టర్ని కాదండీ. ఇందులో వీర్యం లేదు, ఉత్త నైట్రోజన్."

"ఆడమనిషి కదాని సిగ్గుపడకండి. నానెవులికీ సెప్పను."

బస్సంతా వెనక్కి తిరిగి చూసింది. చివరికి మూత తీసి చూపిస్తే తెల్లని పొగ తప్ప ఇంకేమీ కనబడక నీరుగారిపోయాడు. "రెండుమార్లు సూది నిలవలేదమ్మా. ఈ మారూ అంతే అయితే సంతకి తోలీమంటన్నాది మా ఇంటిది. మనసొప్పటం లేదు" అన్నాడు. వాళ్ళ పక్క ఊళ్ళో సూదులు వేసే రమణ అనే గోపాలమిత్ర ఉన్నాడట. కానీ సరఫరా బండి రాక అతని క్యాను ఎండిపోవచ్చిందట.

రాజాంలో దిగగానే పైడయ్య రమణకు ఫోన్ చేసి నా చేతికిచ్చాడు.

"అడుగున పొరలాగ మిగిలిందండి మేడం. సాయంత్రానికి అదీ ఆరిపోతాది. వీర్యం గొట్టాలన్నీ పాడైపోతాయి. కొంచెం పోస్తారా?" అన్నాడు రమణ.

ఆ 'కొంచెం' అంటే నా దగ్గరున్నదాంట్లో సగం పైనే. ఇంతలో సుజాత ఫోన్: "ఎక్కడున్నావే? పిల్లలు వచ్చేశారు." నాకు ఏడుపొచ్చినంత పనైంది. అయితే ఆ గొట్టాల్లో ఉన్నదేమిటో నాకు తెలుసు. అదీ ఉప్పూ గ్లిజరినూ కలిసిన నీళ్ళే. చలికి గాజులా బిగుసుకుని కణాలను కాపాడుతుంది. వేడి తగిలి ఆ గాజు మెత్తబడిందా, స్ఫటికాలు సూదుల్లా లేచి వాటిని పొడిచేస్తాయి. నా చదువుకు ఉన్న ఏకైక ఉపయోగం నైట్రోజన్ అడుగుతుంటే కాదనడం ఎలా?

రమణ ఊరికి వెళ్ళే ఆటోలో ఇదంతా పైడయ్యకు చెప్పబోయాను. "పంచదార పాకం నెమ్మదిగా ఆరితే పటికబెల్లం పలుకులవుతుంది. ముదురుపాకాన్ని చప్పున చల్లారిస్తే అద్దంలా అవుతుంది. ఇదీ అంతే."

"అంటే మా గేదె కడుపు పండాలంటే పాకం కుదరాల" అని తేల్చేశాడాయన.

రమణ కళ్ళద్దాలు పెట్టుకుని, తోలు గ్లవుజులు తొడుక్కుని, నా క్యాను వంచి ఆరుబయటే తన క్యానులోకి పోసుకున్నాడు. వాకిలంతా పొగ. నేను చూడలేక, పొందూరు మీదుగా శ్రీకాకుళం వెళ్ళే బస్సు ఎప్పుడని అడుగుతూ నిలబడ్డాను.

శ్రీకాకుళం చేరేసరికి పిల్లల్లో సగంమంది ఇళ్ళకు వెళ్ళిపోయారు. సుజాత ముఖం తిప్పుకుని హాలు తలుపు తెరిచింది. ఉన్న నైట్రోజన్ ఒక ఫ్లాస్కు అడుక్కి సరిపోయింది. మొదట సన్నని గొట్టంలో మంచినీళ్ళు ముంచాను. తెల్లగా గడ్డకట్టాయి. తర్వాత లిథియం ఉప్పునీళ్ళు ముంచి తీశాను. తేటగా ముందెలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

"ఏటీ అవలేదు మేడం!" అంది ముందు వరసలో ఒక అమ్మాయి.

గొట్టం తలకిందులు చేశాను. చుక్క జారలేదు. "అవలేదా? గట్టిపడింది, కానీ మంచు కాలేదు. ఇది గాజు" అన్నాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇన్నేళ్ళ నా పరిశోధనలో గొప్ప సంగతి ఏమీ జరగనట్టు కనబడటమే కదా, వాళ్ళనేం అనను?

మాట్లాడుతుండగానే గొట్టం గది వేడికి తేరుకోసాగింది. గాజు మెత్తబడింది. ఉన్నట్టుండి ఒక కొసనుంచి తెలుపు పాకి గొట్టమంతా పాలలా విరిసింది. కదలడానికి వీలు దొరకగానే అణువులు వరసకట్టేశాయన్నమాట. క్షణం తర్వాత అదీ కరిగి నీరైంది.

"వేడెక్కితే గడ్డకట్టింది!" అని అదే అమ్మాయి లేచి నిలబడింది. "మళ్ళీ సూపించండి మేడం!"

నైట్రోజన్ మరొక్కసారికి సరిపోయింది. ఈసారి హాలు హాలంతా బల్ల చుట్టూ మూగింది. సుజాత నన్ను మోచేత్తో పొడిచి, "దరిద్రపుదానా, ఇది ముందే చెప్పొచ్చుగా" అంది. ఆమె 'క్షమించాను' అనడం కంటే నాకు ఆ పోటే నచ్చింది.

తిరుగు ప్రయాణం రైల్లో. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ శ్రీకాకుళంలో ఉండదు, ఆమదాలవలసలో ఉంటుంది. వెళ్ళేవాళ్ళు ఆటోకి వ్యవధి ఉంచుకోండి. ఖాళీ క్యాను ఒళ్ళో పెట్టుకుని పాసింజరు కిటికీ దగ్గర కూర్చుంటే, ఈ జిల్లాల్లో నా చదువు అర్థమయ్యేది ప్రిన్సిపాళ్ళకు కాదు, గేదెలకే అనిపించింది. అందుకు బాధేమీ కలగలేదు.

పొందూరు దాటాక పైడయ్య ఫోన్ చేశాడు. "సూది అయిపోనాదమ్మా. నిలిస్తే, పెయ్య పుడితే మీ పేరే ఎడతాను."

"దున్న పుడితేనో?"

"మీ ఆయన పేరు సెప్పండి."