పసుపు పెట్టిన అంగీ

ఎల్లారెడ్డి చుట్టుపక్కల ఊళ్లలో మీసాలు మొలుస్తున్న పిల్లలకు రాత్రిపూట సోకు చేసుకుని పోవడానికి చోటంటూ ఒక్కటీ లేదు. చీకటి పడితే చాయ్ హోటళ్లు మూత పడతాయి, బస్సులు డిపోలో పడుకుంటాయి. మిగిలింది బరాత్ ఒక్కటే. ఎవరి పెండ్లయినా సరే, ఊరేగింపులో డీజే బండి ముందు తెల్లవారేదాకా ఎగరొచ్చు. దోస్తులంతా ఒకే రంగు అంగీ వేసుకోవడం దానికి కట్టుబాటు. ఆ రంగు వంటిమీద ఉన్నవాడు మనవాడు, లేనివాడు చూడవచ్చినవాడు.

ఆ అంగీల కోసం అందరూ కామారెడ్డికే వస్తారు. స్టేషన్ రోడ్డులో హనుమాండ్లు సేటు రెడీమేడ్ దుకాణంలో వాళ్లకు బట్టలు చూపించేది సుందర్. ఎన్ని ఊళ్ల బరాత్‌లకు రంగులు కుదిర్చాడో లెక్కలేదు కానీ, తాను ఒక్క బరాత్‌లోనూ ఎగరలేదు. పదో తరగతి కాగానే పనికి కుదిరాడు. ఊళ్లోవాళ్లు లేవకముందే మొదటి బస్సెక్కుతాడు, ఊరి కట్ట మీద కూర్చున్న దోస్తులు ఇళ్లకు పోయాక ఆఖరి బస్సు దిగుతాడు. ఆదివారాలు గిరాకీ రోజులు. అలా తన ఊళ్లోనే చుట్టపుచూపు మనిషయ్యాడు.

ఒక మధ్యాహ్నం అతని వాడ పిల్లలే దుకాణంలోకి దిగారు. ముందు బాలరాజు. వాళ్ల అన్న పోచన్న పెండ్లి వచ్చే ఆదివారం.

"అరె సుందర్, బరాత్‌కు ఒక్క తీరుయి అంగీలు తియ్యిరా. ఎనమండుగురం."

సుందర్‌కు కడుపు నిండినట్టయింది. పైఅర మీది కొత్త మాల్ దించాడు. మెరూన్ రంగు అందరికీ నచ్చింది.

"అరుణ్‌కుమార్‌గాడు హైదరాబాద్‌లున్నడు," అన్నాడు బాలరాజు. "వానిది నీ సైజే. జెర ఏస్కోని చూపెట్టు."

సుందర్ వేసుకుని అద్దం ముందు నిలబడ్డాడు. మిగతావాళ్లు కూడా తొడుక్కుని పక్కన చేరారు. ఒకడు ఫోటో తీశాడు.

"సుందర్‌గాడు పెండ్లికొడుకు లెక్క కనబడుతుండురో," అన్నాడు వెనకనుంచి ఇంకొకడు. అందరూ నవ్వారు. సుందర్ కూడా నవ్వాడు. చిన్నప్పటిలాగే పేరుకు 'గాడు' తగిలించి పిలిచారు. బరాత్‌కు అదే పిలుపు అనుకున్నాడు.

వాళ్లు పోయాక అదే రంగు, తన సైజుది ఇంకొకటి తీసి జీతంలో పట్టుకోమని సేటుకు చెప్పాడు.

ఇంట్లో తల్లి హన్మవ్వ బీడీల చాట పక్కన పెట్టి అంగీని వెలుతురుకు పట్టి చూసింది.

"ఎవలు రమ్మన్నరు బిడ్డా?"

"రమ్మనుడేంది అవ్వా, మావోళ్లే గద."

ఆమె లేచి పసుపు డబ్బా తెచ్చింది. చిటికెడు పసుపు తడిపి, కాలరు లోపల బొట్టు పెట్టి ఇచ్చింది. కొత్తబట్ట పసుపు పెట్టకుండా ఒంటిమీదికి రాకూడదు.

రెండు రోజులకు బాలరాజు మూట పట్టుకుని మళ్లీ వచ్చాడు.

"కింది గల్లీ పోరగాళ్లు గూడ మెరూనే తీస్కున్నరంట. వాళ్లు మేము ఒక్క తీరు కనబడితే ఇజ్జత్ పోతది. వేరే రంగు ఇయ్యి."

సుందర్ మూట విప్పి ఒక్కొక్క కాలరూ తిప్పి చూశాడు. పసుపు పెట్టినంక వాపస్ లేదని ఎంతమందికి తానే చెప్పి పంపాడో. మూటలోని అంగీల మీద ఒక్క మరకా లేదు. వాళ్లెవరూ పసుపు పెట్టేదాకా రాలేదు; పెట్టింది తన అంగీకి ఒక్కదానికే.

పిస్తా రంగువి ఎనిమిది తీసి కట్ట కట్టబోయాడు.

"ఏడు చాలురా," అన్నాడు బాలరాజు. "అరుణ్‌గానికి లీవ్ దొరకలేదు."

ఎనిమిదోది సుందర్ చేతిలో ఉండిపోయింది. అది తన సైజే. అలాగే పట్టుకుని, కావాలనే ఆలస్యంగా, మడత విప్పి మళ్లీ మడిచాడు.

"మరి ఇదో?"

"లోపల పెట్టెయ్." బాలరాజు ఫోన్ చూసుకుంటున్నాడు. పోతూ పోతూ భుజం తట్టాడు. "ఆదివారం రారా సుందర్. అన్నం తినిపో."

పెండ్లి పత్రిక ఇంటికి అందరితో పాటే వచ్చింది. తినడానికి ఊరంతటినీ పిలుస్తారు.

ఆదివారం సుందర్ పెండ్లికి పోలేదు. మెరూన్ అంగీ వేసుకుని పనికి వచ్చాడు. పెట్టెలో పెట్టి మాత్రం ఏం చేసుకుంటాడు.

"మంచిగ కనబడుతున్నది రా," అన్నాడు హనుమాండ్లు సేటు. "దినాం గిదే ఏస్కో. వాపసొచ్చిన మాల్ అమ్ముడుపోతది."

సేటు నోటి మాట ఊరికే పోదు. ఎండ తగ్గే వేళకు భిక్నూర్ నుంచి ఒక గుంపు దిగింది. వాళ్లలో పొడుగాటివాడు సుందర్‌ను ఎగాదిగా చూశాడు.

"అన్నా, నువ్వేస్కున్నదే గావాలె. మా అందరికి. రాత్రికి బరాత్."

సుందర్‌కు వాళ్లకంటే ఒక ఏడాది వయసు ఎక్కువుంటుందేమో. అన్న అయిపోయాడు. బాలరాజు వాపస్ తెచ్చిన మూటే విప్పి తలా ఒకటి ఇచ్చాడు.

"ఇది మీ ఊరి బరాత్‌దా అన్నా?" అడిగాడు పొడుగాటివాడు గుండీలు పెట్టుకుంటూ.

"ఆఁ," అన్నాడు సుందర్.

వాళ్లు భుజాల మీద చేతులు వేసుకుని అద్దం ముందు వరుస కట్టారు. వరుస కొసన, ఖాళీ కవర్లు చేతిలో పట్టుకుని, సుందర్ కూడా అద్దంలో పడ్డాడు. ఒకటే రంగు. తెలియనివాడు చూస్తే అందరూ ఒక ఊరివాళ్లే, ఒక పెండ్లికే అనుకుంటాడు. కాలరు కింద పసుపు ఎండి మెడకు గరగర తగులుతోంది.

పొడుగాటివాడు ఫోన్ పైకెత్తాడు.

"అన్నా, జెర పక్కకు జరుగు. ఫోటో దిగుతం."

సుందర్ జరిగాడు.