కదలనన్న కారు

ఆ వీధిలో ఆమెను అందరూ డ్రైవరమ్మ అంటారు. ఆ పేరు మొదట వెక్కిరింతగానే పుట్టింది.

ఆమె భర్త జీవితమంతా టాక్సీ నడిపాడు. కారంటే ఆయనకు ప్రాణం. పెళ్ళయిన కొత్తలో తలుపు గట్టిగా వేసిందని భార్యతో మూడు రోజులు మాట్లాడలేదు. ఇక స్టీరింగు ముట్టుకోనివ్వడం సంగతి దేవుడెరుగు. అలాంటి మనిషికి ఒక ఉదయం పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాటల్లో "అదే" అన్న ఒక్క ముక్క మిగిలింది. ఆకలేసినా అదే, కోపమొచ్చినా అదే.

కారు అమ్మేయమని చుట్టాలందరూ చెప్పారు. ఆమె వినలేదు. కూతురి ఈడు పిల్లల మధ్య కూర్చుని డ్రైవింగు నేర్చుకుంది. ఆమె కారు మొదట ఎక్కిన మనిషి ఎదురింటి టైలరు. అతనికి కిడ్నీలు రెండూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్ళాలి. "నువ్వింత నిదానంగా నడిపితే ఆసుపత్రికి చేరేలోగా నా కిడ్నీలు వాటంతటవే బాగుపడతాయక్కా" అని నవ్వించేవాడు. భర్త మాత్రం నవ్వేవాడు కాదు. ఆమె తిరిగొచ్చిన ప్రతిసారీ మేడ మీది కిటికీలోంచి బంపర్ల మీద గీతలున్నాయేమో వెతికేవాడు. ముందు సీట్లో కూర్చోబెట్టబోతే మొహం తిప్పుకునేవాడు. పక్క సీటు ఆయనకు అవమానం.

ఒక మధ్యాహ్నం టైలరు భార్య చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చింది.

"వదినా, పెద్దాసుపత్రి నుంచి ఫోనొచ్చింది. కిడ్నీ దొరికిందట! నాలుగింటికల్లా అక్కడుండమన్నారు. ఆలస్యమైతే తర్వాతి పేషెంటుకి పెట్టేస్తారట."

పెద్దాసుపత్రి ఉన్నది పక్క నగరంలో. దారి బాగుంటే రెండు గంటలు. అప్పటికే ఒంటిగంట దాటింది. డ్రైవరమ్మ చేతిలో పళ్ళెం అక్కడే వదిలేసి తాళం అందుకుంది.

కారు ఇంటి పక్క, పైకప్పు లేని ఖాళీ జాగాలో ఉంటుంది. వీధి నుంచి లోపలికి పల్లం. ముందు బంపరుకు ఎదురుగా గోడ. టైలరు సంచి ఒళ్ళో పెట్టుకుని వెనక సీట్లో కూర్చున్నాడు. ఆమె తాళం తిప్పింది.

టక్.

అంతే. ఇంజను తిరగలేదు. మళ్ళీ తిప్పింది. మళ్ళీ టక్.

బ్యాటరీ అనుకుంది. బానెట్ ఎత్తి వైర్ల బిగింపులు చూసింది, తెల్లగా పట్టిన బూజు గీకింది, గట్టిగా బిగించింది. టక్. చప్పుడు విని పక్క బేకరీ ఆయన వచ్చాడు. తన కొట్లోని ఇన్వర్టరు బ్యాటరీని ఇంకో మనిషితో మోయించుకొచ్చి, కేబుళ్ళు కలిపాడు. అయినా అదే టక్. హెడ్‌లైట్లు మాత్రం అంత ఎండలోనూ గోడ మీద స్పష్టంగా వెలుగుతున్నాయి.

టైలరు భార్య ఫోను మీద ఫోను చేస్తోంది. ఊళ్ళో ఉన్న రెండు టాక్సీలూ దూరాలకు పోయాయి. అంబులెన్సు రావడానికి గంటపైన పడుతుందన్నారు.

"తోసి చూద్దామా?" అన్నాడు బేకరీ ఆయన.

వీధిలో వాళ్ళు నలుగురు చెయ్యేసి కారును వెనక్కి, ఏటవాలు మీదికి తోశారు. ఆమె గేరు వేసి కిందికి వదిలింది. ఇంజను ఒక్కసారి దగ్గి ఊరుకుంది. గోడ మీదికి వచ్చేస్తుంటే బ్రేకు మీద నిలబడ్డంత పని చేసింది. బంపరుకూ గోడకూ మధ్య మనిషి దూరేంత సందు మిగిలింది.

టైలరు మొహంలో రక్తం లేదు. "పోనీలే అక్కా," అన్నాడు మెల్లగా. "ఎవరో ఒకరికి పెడతారుగా."

"నోర్ముయ్!" అందామె. విసురుగా కారు దిగింది.

అప్పుడు పైన కిటికీ ఊచల మీద చప్పుడైంది. భర్త చేతికర్రతో కొడుతున్నాడు. టక్‌టక్‌. టక్‌టక్‌.

"ఇప్పుడా మీ కోపం? కారు నేనేం పాడు చెయ్యలేదు!" అని అరిచింది.

ఆయన "అదే, అదే" అంటూ కర్రను కిందికి చూపించాడు. బానెట్ వైపు. మళ్ళీ ఊచను కొట్టాడు. ఈసారి మెల్లగా, మేకు దిగేసినట్టు. ఆమె నోరు తెరుచుకుని చూసింది. కోపం కాదు. కొట్టమంటున్నాడు!

"స్టార్టరునా? కొట్టమంటారా?"

"అదే!" ఆయన తల పైకీ కిందికీ ఊగింది.

లైట్లు మసకబారకుండా టక్కుమంటే తప్పు బ్యాటరీది కాదు, ఇంజనును తిప్పే స్టార్టరు మోటారు లోపల పట్టేసిందన్నమాట. ఆమె జాకీ రాడ్డు తీసుకుని గోడకూ కారుకూ మధ్య సందులో దూరి, ఇంజను మీదికి వంగింది. టైలరు భార్యను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టింది.

"నేను కొట్టగానే తాళం తిప్పు."

"నాకు భయంగా ఉంది వదినా."

"తిప్పడమేగా. కానియ్!"

రాడ్డు ఎత్తింది. అంతలో పైనుంచి నీళ్ళ గ్లాసు వచ్చి బానెట్ మీద ఠంగుమని పడింది. తలెత్తి చూస్తే ఆయన కిటికీ ఊచల మీదికి ఒరిగిపోయి ఉన్నాడు. నోరు వంకర పోతోంది, మాట రావడం లేదు. ఊచల్లోంచి చాచిన ఎడమ చేత్తో గాలిలో ఏదో పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగుతున్నాడు.

గేరు.

తోసినప్పుడు వేసిన గేరు అలాగే ఉంది. తాళం తిరిగి ఇంజను అందుకుని ఉంటే కారు ముందుకు దూకేది. ఆమె వీపు వెనక గోడ.

రాడ్డు దించింది. పక్కకు జరిగి, తలుపు తీసి, గేరును న్యూట్రల్‌లోకి లాగి, హ్యాండ్ బ్రేకు బిగించింది. రెండుసార్లు సరిచూసుకుంది. మళ్ళీ సందులోకి వెళ్ళేటప్పుడు కాళ్ళు రానన్నాయి. అయినా వెళ్ళింది.

"తిప్పు!"

ఒక దెబ్బ. టక్. రెండో దెబ్బ. టక్. మూడోది కసితీరా వేసింది. ఇంజను గుర్రుమని లేచింది.

ఎవరూ సంబరపడలేదు, అంత వ్యవధి లేదు. దారిపొడుగునా ఆమె ఇంజను ఆపలేదు. రైల్వే గేటు దగ్గర బళ్ళన్నీ ఆపేసుకుని నిశ్శబ్దంగా నిలబడితే, ఆమె యాక్సిలరేటరు మీద పాదం ఆనించి, ఆ శబ్దాన్నే వింటూ కూర్చుంది. ముందు బండివాడు వెనక్కి తిరిగి విసుక్కున్నాడు. వెనక సీట్లో టైలరు కళ్ళు మూసుకున్నాడు. భార్య అతని చెయ్యి వదల్లేదు.

నాలుగు కొడుతుండగా ఆసుపత్రి మెట్ల ముందు ఆగారు. తెల్లకోటు మనిషి చక్రాల కుర్చీతో ఎదురొచ్చాడు. టైలరు లోపలికి వెళ్ళాకగానీ ఆమె తాళం వెనక్కి తిప్పలేదు.

ఆపరేషను మర్నాడు తెల్లవారుజామున అయింది. కొత్త కిడ్నీ పని మొదలుపెట్టడానికి వారం పట్టింది. ఆ వారమంతా వీధివాళ్ళకి తిండి సహించలేదు. ఇప్పుడు టైలరు మిషను మళ్ళీ కుడుతోంది, పూటకు కాస్తే అయినా.

ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు ఆమె ఆ నగరంలోనే స్టార్టరు మార్పించుకుని ఇంటికొచ్చింది. భర్త కిటికీ దగ్గరే ఉన్నాడు. బంపర్లు చూడలేదు, ఆమెనే చూశాడు. పైకెళ్ళి ఆయన పక్కన కూలబడింది.

"నన్ను బతికించారండీ" అంది.

ఆయన ఆమె నెత్తి మీద ఎడమ చెయ్యి వేశాడు.

ఆదివారం నాడు ఆయన్ని చెయ్యి పట్టుకుని కిందికి తీసుకొచ్చి, అడక్కుండానే ముందు సీటు తలుపు తీసింది. ఈసారి మొహం తిప్పుకోలేదు. చాలాసేపు తటపటాయించి, తల వంచి ఎక్కాడు. వీధి మలుపులో గతుకు రాకముందే గొంతులోంచి ఒక మూలుగు మూలిగాడు.

"చూశానండీ," అందామె, వేగం తగ్గిస్తూ. "నాకూ కళ్ళున్నాయి."