గుంతకల్లు గాలి

మన దేశంలో ఒకచోట ఎడారి, ఒకచోట ఎడతెరిపి లేని వాన, ఒకచోట మంచు అని మా సోషల్ టీచరు ఎంతో గర్వంగా చెప్పేది. నాకు మాత్రం ఒళ్లు మండేది. ఆ గొప్పతనమే మా అమ్మని మా దగ్గర్నుంచి పట్టుకుపోయింది మరి.

మా ఇల్లు వైజాగ్ వన్ టౌన్‌లో, రేవుకి దగ్గర. నాన్న పోర్టులో గుమస్తా. వానాకాలం వస్తే జాడీలో ఉప్పుకి నీరూరేది, అగ్గిపుల్లలు మెత్తబడేవి, దండెం మీది బట్టలు రెండ్రోజులకీ ఆరేవి కావు. అమ్మకి ఉబ్బసం. ఆ చెమ్మకి తట్టుకోలేక గోడకి చేరగిలబడి, ఒక్కో ఊపిరినీ బావిలోంచి నీళ్లు తోడినట్టు తోడుకునేది. నాకు పదేళ్లప్పుడు ఒకసారి ఆమె పెదాలు నీలంగా అయిపోయాయి. డాక్టరు నాన్నకి తెగేసి చెప్పాడు.

"ఈ సముద్రపు గాలి ఆవిడకి పడదు. ఇంకో వానాకాలం ఇక్కడ ఉంచితే నా పూచీ లేదు. ఇంత పెద్ద దేశంలో పొడిగాలి ఉన్న ఊరే దొరకదా?"

దొరికింది. గుంతకల్లు. పెద్దమ్మ వాళ్లుండేది అక్కడే, పెదనాన్నకి రైల్వేలో ఉద్యోగం.

నాన్న అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు. ఆఫీసుకెళ్లి బదిలీ అడిగాడు. సముద్రం లేని ఊళ్లో పోర్టు ఎక్కడుంటుందయ్యా అని పెద్ద గుమస్తా నవ్వాడట. ఇంటికొచ్చి ఆ మాట చెప్పి తనూ నవ్వాడు. "నవ్వితే నవ్వనీయే. అడక్కుండా ఎలాగుంటాను" అన్నాడు అమ్మతో. అమ్మ నవ్వలేదు.

అమ్మ వెళ్లిపోయింది. నన్నూ తమ్ముణ్ణీ నానమ్మ సాకింది. వేసవి సెలవులకి గుంతకల్లు వెళ్తే అమ్మని పోల్చుకోలేకపోయాను. ఒళ్లు చేసింది. మెట్లు గబగబా ఎక్కేస్తోంది. పని చేసుకుంటూ కీర్తనలు పాడుతోంది. సంతోషించాల్సింది పోయి నాకు ఏడుపొచ్చింది. మేం లేనిచోటే అమ్మ బాగుంది. క్రిస్మస్‌కి మాత్రం మా దగ్గరికి వచ్చేది, చలికాలం గాలి కాస్త పొడిగా ఉంటుందని. పండగ వెళ్లిన కొన్నాళ్లకే ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి. నాన్న అటక మీంచి ట్రంకుపెట్టె దించేవాడు. రిటైరైతే నేనూ అక్కడికే వచ్చేస్తానని ఏటా చెప్పేవాడు.

రిటైరవలేదు. నేను కాలేజీలో ఉండగా, ఆగస్టు ముసురులో, డ్యూటీ నుంచి వచ్చి మంచినీళ్లడిగి, అవి తాగకుండానే కుర్చీలో ఒరిగిపోయాడు.

అమ్మ రైళ్లు మారి వచ్చేదాకా ఐసు దిమ్మల మధ్య ఉంచాం. ఇల్లంతా తడి, జనం, అగరొత్తుల పొగ. అమ్మ గుమ్మంలోనే ఆగి రొప్పింది. తర్వాత నాన్న తల దగ్గర కూర్చుని, నోరు బిగించి, ముక్కుతో మెల్లగా గాలి పీల్చుకుంటూ ఉండిపోయింది. కంట తడి లేదు. సమాధి దగ్గరా అంతే. నా వెనక ఎవరో గుసగుసలాడారు.

"సూసావేటే, మొగుడు సచ్చిపోతే ఒక్క సుక్క రాల్సనేదు. ఇన్నేళ్లు దూరంగా ఉంటే ఇంక పేమేటుంటది?"

వెనక్కి తిరిగి నాలుగు దులపాలనిపించింది. కానీ నాకూ అదే అనుమానం.

సాయంత్రానికి అమ్మ పిల్లికూతలు వీధిలోకి వినిపించాయి. డాక్టరు ఇంజక్షన్ చేసి, వెంటనే పంపించెయ్యమన్నాడు. చర్చివాళ్లు ఇంటికొచ్చి ప్రార్థన చేసే ఆదరణ కూడిక దాకా కూడా తన ఇంట్లో తను ఉండలేకపోయింది. కొడుకుని పోగొట్టుకున్న నానమ్మే ఆమె చెయ్యి పట్టుకుని గడప దాటించింది. "ఎల్లిపో అమ్మా. ఆడు పోయాడు, నువ్వేనా ఉండు" అంది.

నేను తోడు వెళ్లాను. దారంతా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ పక్కనే కూర్చుంది. నంద్యాల దాటాక గాలి మారింది, నా పెదాలు ఎండిపోసాగాయి.

గుంతకల్లులో దిగేసరికి ప్లాట్‌ఫాం మీద ఎండ కాస్తోంది. అమ్మ సంచీ కింద పెట్టి నిండా ఊపిరి తీసుకుంది. ఇంకోసారి తీసుకుంది. అప్పుడు బెంచీ మీద కూలబడి, గుండెలు బాదుకుంటూ నాన్నని పిలిచి పిలిచి ఏడ్చింది.

"అక్కడేడిస్తే నాను కూడా పోదునే. మీకు ఎవరుంటారే" అంది నన్ను పట్టుకుని.

దారినపోయేవాళ్లు ఆగి చూశారు. పెద్దమ్మ పరుగున వచ్చింది. ఎంత ఏడ్చినా అమ్మకి ఆయాసం రాలేదు.