పనస దుంగలో అమ్మ

తాండి చనిపోయినవాళ్ళ మొహాలు చెక్కుతాడు. ఇండోనేషియాలోని తొరాజా కొండల్లో పెద్దింటివాళ్ళు పోతే పనస చెక్కలో వాళ్ళ బొమ్మ చేయించి, కొండరాతిలో ఎత్తున తొలిచిన సమాధి పక్కన, చెక్క వసారాలో నిలబెడతారు. ఆరేకొద్దీ ఆ చెక్క మనిషి ఒంటి రంగుకు వస్తుంది.

సాగనంపే రోజు వచ్చేదాకా పోయిన మనిషి ఇంట్లోనే ఉంటాడు. జబ్బుపడ్డాడనే అంటారు. తాండి అతని పక్కన పీట వేసుకుని, "కాస్త ఓర్చుకో మామా, ముక్కు దగ్గరున్నాను" అంటూ ఉలి ఆడిస్తాడు. ఒకసారి చూసిన మొహాన్ని అతని చెయ్యి మరిచిపోదు.

తల్లి మొహం మాత్రం అతనికి తెలియదు. అతనికి నడక రాకముందే ఆమె పోయింది. అతనెరిగిన అమ్మ, తండ్రి చెక్కి వసారాలో నిలబెట్టిన అమ్మ. గుండ్రటి తెల్ల కళ్ళు, తిన్నని నోరు, ముందుకు చాచిన అరచేతులు. పెళ్ళి కుదిరితే ఆమెకు చెప్పుకున్నాడు. బిడ్డ పోతే ఆమె కిందే కూర్చుని ఏడ్చాడు.

మొన్నటి వానల్లో దొంగలు బొమ్మలన్నీ ఎత్తుకుపోయి వసారా ఖాళీ చేశారు. కోతలయ్యాక పెద్దలకు బట్టలు మార్చే పండగ. అప్పటికి అమ్మకు మొహం ఇవ్వకపోతే కొత్త బట్ట ఎవరికి కట్టాలి?

పందిని బలిచ్చి, దుంగ తెచ్చుకుని, దాని మీద బొగ్గుతో ఆ గుండ్రటి కళ్ళే గీశాడు. అమ్మ చెల్లెలు బన్నే కర్ర పోటేసుకుంటూ వచ్చి చూసింది.

"ఎవర్రా ఇది?"

"అమ్మ, పిన్నీ."

"మా అక్కా? ఈ గుడ్లగూబా? మీ నాన్నకు వచ్చింది ఒకటే మొహం. కమ్మలు పెడితే ఆడది, తీసేస్తే మగాడు."

"మరెలా ఉండేది?"

"బుగ్గలు లోపలికి. ఎడమ కనుబొమ్మలో కాలిన మచ్చ. పై పళ్ళు ఎత్తు, నోరు మూతపడేది కాదు. ఎప్పుడూ నవ్వుతున్నట్టే. తిట్టినా ఎవరూ భయపడేవాళ్ళు కాదు పాపం."

ఆమె వెళ్ళిపోయింది. తాండి ఉలి పక్కన పెట్టాడు. దుంగ ఒక్కటే. ఒక మనిషి బొమ్మకు బలి ఒక్కసారే. గీసింది చెక్కితే తన అమ్మ తిరిగొస్తుంది. కానీ రెండో మొహం ఎరిగినవాళ్ళు పిన్ని తప్ప ఎవరూ లేరు. పిన్నికి చూపు తగ్గుతోంది.

తడిగుడ్డతో బొగ్గు తుడిచేశాడు.

ఎముకతో కళ్ళు పొదిగిన రోజు బన్నే వచ్చి బొమ్మ నోటిని వేళ్ళతో తడిమింది. "అక్కా" అని అక్కడే కూలబడింది. తాండి చూశాడు. మంచి మొహం. ఎవరింటి ఆడమనిషో.

పండగనాడు వెదురు నిచ్చెనెక్కి ఆమెకు కొత్త బట్ట కట్టాడు. కట్టి దిగబోయాడు.

"మాట్లాడరా, ఎదురుచూస్తోంది!" కింద నుంచి బన్నే అరిచింది.

"ఏం మాట్లాడను? నాకు ఈవిడ తెలీదు పిన్నీ."

"దానికి మాత్రం నువ్వు తెలుసా? చంకలో ఉన్నప్పుడు చూసింది. ఇప్పుడేమో బట్టతల. ఎవరివో ముందు చెప్పుకో!"

కింద జనం నవ్వారు. తాండి తలగుడ్డ తీశాడు.

"నేను తాండిని" అన్నాడు.