వీధిలో దించిన కట్టెలమోపు

నా చిన్నప్పుడు మేము కొత్తగూడెంలో కిరాయికి ఉన్న ఇంటి పెరట్లో ఒక నీళ్లపొయ్యి ఉండేది. మట్టితో కట్టిన పొయ్యి, అందులో మెడదాకా కూర్చోబెట్టిన పెద్ద రాగి కాగు. ఆ కాగు ఇంటి ఓనరమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. ముందు భాగంలో ఆమె ఒక్కతే ఉండేది, వెనక రెండు గదుల్లో మేము. గనిలో పనిచేసేవాళ్లకు క్వార్టర్లు ఉండేవి. నాన్న టింబర్ డిపోలో గుమాస్తా, కాబట్టి మాకు కిరాయి ఇల్లే దిక్కు. తిరుమలాయపాలెం పక్కన మా ఊళ్లో ఉన్న ఇల్లు వానలకు కూలిపోయాక నాయనమ్మ కూడా మా దగ్గరికే వచ్చింది. వచ్చిన ఏడాదికే ఆమెకు పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది, మాట కూడా పోయింది.

అమ్మ పనుల్లో ఉంటే నాయనమ్మ దగ్గర ఎవరో ఒకరు ఉండాలి. అలా నేను బడికి పోలేదు. సాయంత్రం నాన్న డిపో నుంచి వచ్చి పలక మీద అక్షరాలు దిద్దించేవాడు, అమ్మ స్తోత్రాలు నేర్పేది. నా చదువంతా నాయనమ్మ మంచం పక్కనే సాగింది. ఆ భాగ్యానికి ఈనాటికీ చేతులు జోడిస్తాను.

పొద్దున్నే కాగులో వావిలాకు వేసి నీళ్లు కాచి నాయనమ్మకు పోయడం మా ఇంట్లో పూజతో సమానం. పడిపోయిన చేతి వేళ్లు గుప్పిట బిగుసుకుని ఉండేవి. వేడినీళ్లు భుజం మీదుగా జారుతుంటే ఒక్కొక్కటే విడేవి. అయిదూ విడ్డాక ఆ చేత్తో నా బుగ్గ పట్టుకునేది. మాట లేని మనిషికి అదే మాట.

ఓనరమ్మకు ఆ పొయ్యి విషయంలో ఒకే నియమం. చితుకులు, కట్టెలు, ఊక పెట్టుకోవచ్చు, బొగ్గు మాత్రం వెయ్యకూడదు. ఊరంతా బొగ్గు దొరికే చోట ఇదేం పిసినారితనమో అనుకునేవాళ్లం. పల్లె నుంచి వచ్చిన మాకు బొగ్గు వేడి సంగతి తెలియదు. గదిలో కుంపటి మీద వంటకు వాడేవాళ్లం, అంతే.

పుష్యమాసంలో ఒక పొద్దున అమ్మ వీధి పంపు దగ్గరికి పోయింది. అడవి వైపు నుంచి వచ్చిన మంచు పెరట్లో ఇంకా తేలలేదు. నాయనమ్మ పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. చితుకులేమో తడిసి పొగ తప్ప మంట రావడం లేదు. నేను కుంపటి పక్కన ఉన్న బొగ్గు నాలుగు పెళ్లలు తెచ్చి పొయ్యిలో వేశాను. కాసేపటికి మంట ఎర్రగా లేచింది. నాకెంత గర్వం! అమ్మ వచ్చేసరికి నీళ్లు మరిగిపోతాయని లెక్క వేసుకున్నాను. ఇంతలో చుయ్యిమని చప్పుడైంది. కాగు అడుగున చిల్లికి ఎప్పుడో వేయించిన మాటు ఆ వేడికి కరిగి ఊడిపోయింది. నీళ్లన్నీ నిప్పుల మీదికి దిగి పొయ్యి చచ్చిపోయింది. నేను బొగ్గు పెళ్లల్ని చేత్తోనే లాగి బూడిద కుప్పలో దాచేశాను. కాలిన వేళ్లు గౌను కింద పెట్టుకుని నిలబడ్డాను.

ఓనరమ్మ వచ్చి కాగులోకి వంగి చూసింది.

"బొగ్గేసిన్రు. నిజం చెప్పుండ్రి."

"లేదమ్మా, భద్రాద్రి రాముని మీద ఒట్టు, మేం బొగ్గు ముట్టలే," అంది అప్పుడే పంపు దగ్గర్నుంచి వచ్చిన అమ్మ.

"ముట్టకుంటే మాటు దానంతట అదే లేచి పోయిందా? దానికేమన్న కాళ్లున్నయా?"

అమ్మ నిజమని నమ్మి ఒట్టు పెట్టింది. ఆ ఒట్టును అబద్ధం చేసింది నేను. అయినా నోరు విప్పలేదు.

ఓనరమ్మ పొయ్యి పగలగొట్టి కాగును పీకించి తన గదిలో పెట్టి తాళం వేసుకుంది. మాట్లు వేసేవాడు వచ్చినప్పుడు చూస్తానంది. పెరట్లో మూడు రాళ్లు పెట్టుకుని ఇంకో పొయ్యి వేసుకుంటామంటే, "పెరడంత గుంతలు చేస్తరా? వద్దు," అని కొట్టేసింది. ఇక మిగిలింది గదిలోని కుంపటి. దాని మీద చిన్న తపేలా తప్ప నిలవదు. నాలుగు తపేలాలైతే ఒక బకెట్. నాలుగోది కాగేలోపు మొదటిది చల్లారిపోయేది. అమ్మ బకెట్లో వేలు ముంచి చూసి, ఆ గోరువెచ్చని నీళ్లే పోసేది. నాయనమ్మ వేళ్లు విడలేదు. మూడో రోజుకు దగ్గు పట్టుకుంది. అయిదో రోజుకు ఒళ్లంతా కర్రలా బిగుసుకుంది. నా బుగ్గ మీదికి ఆ చెయ్యి రాలేదు.

మాకు కట్టెలు తెచ్చే ఒకామె ఉండేది. అడవి పక్క గూడెం నుంచి వారానికి రెండుసార్లు నెత్తిన మోపుతో వచ్చేది. తమ భాష కలిపిన తెలుగు మాట్లాడేది. ఆ వారం వచ్చినప్పుడు అమ్మ, "పొయ్యే లేదు, ఇక కట్టెలెందుకు?" అంది. ఆమె పోలేదు. మోపు గోడకు ఆనించి, గుమ్మంలోంచి తొంగి నాయనమ్మను చూసింది. బకెట్లో చెయ్యి పెట్టింది.

"నీళ్లు చచ్చినయ్ గదమ్మా," అంది. తరవాత నావైపు తిరిగి, "రాయి కాల్చి ఎయ్యరాదు?" అంది.

నేను పరుగున పోయి కాలువ పక్కన నున్నటి గుండ్రాళ్లు ఏరుకొచ్చాను. ఆమె వాటిని చూసి నవ్వింది.

"గివి వాగు రాళ్లు. లోపట నీళ్లు తాగి ఉంటయ్. నిప్పుల పెడితే పేల్తయ్. ముసలామె కంటె ముందుగాల నువ్వే పోతవ్ పిల్లా."

మర్నాడు రావలసిన రోజు కాకపోయినా వచ్చింది. మోపు నడుమ గుట్ట మీది నల్లరాళ్లు మూడు కట్టుకుని తెచ్చింది. ఆ బరువుతో అంత దూరం నడిచిందన్నది నాకు అప్పుడు తట్టలేదు. రాళ్లను కుంపట్లో బొగ్గుల మధ్య పూడ్చి, కూర్చుని విసురుతూనే ఉంది. ఎర్రబడ్డాక పట్టుకారుతో ఒక్కొక్కటే తీసి, బూడిద దులిపి బకెట్లో వేసింది. భుస్సుమని ఆవిరి కప్పు దాకా లేచింది. మూడో రాయి పడేసరికి నీళ్లు కుతకుతలాడాయి. నాయనమ్మకు నీళ్లు కూడా ఆమే పోసింది. వేళ్లు విడ్డాయి. చల్లారుతున్న ఒక రాయిని గోనెపట్టాలో చుట్టి కాళ్ల దగ్గర పెట్టించింది. అమ్మ బియ్యం పెడితే కొంగులో పోసుకుని, ఇంకొకసారి నాయనమ్మ నుదురు ముట్టుకుని వెళ్లిపోయింది.

అలా ఎనిమిది పొద్దులు గడిచాయి. రాముడు మమ్మల్ని చూశాడనుకున్నాను. నాకా పని వచ్చేసింది, రాళ్లు నేనే కాల్చేదాన్ని. కానీ దగ్గు తగ్గలేదు. దవాఖానా డాక్టరు చూసి, చలి తగలనివ్వకండి అని మాత్రం చెప్పి పంపాడు. అంతకు మించి చెప్పడానికి ఆయన దగ్గర ఏమీ లేదని నాన్న ముఖం చూస్తే తెలిసింది.

ఒకనాడు వీధిలో మాట్లు వేసేవాడి కేక వినిపించింది. నేను ఎగిరి గంతేసి ఓనరమ్మ గదికి పరిగెత్తాను. ఆమె కిటికీలోంచే, "ఇయ్యాలేం లెవ్వు, పో," అని అతన్ని పంపించేసింది. అదంతా నా బొగ్గు మీది కోపమే అనుకున్నాను. అక్కడే కూర్చుని ఏడుస్తూ ఉన్నదంతా చెప్పేశాను. బొగ్గు నేనే వేశాను, అమ్మకు తెలియదు, నన్ను కొట్టండి, కాగు మాత్రం బాగు చేయించండి అన్నాను.

ఆమె కిటికీ రెక్క మూసి నావైపు తిరిగింది.

"బొగ్గని నాకు ఆనాడే ఎరుకనే బిడ్డా. కాగు సంగతి కాదు," అంది. "మీ నాయనమ్మ నా ఇంట్ల పానం ఇడిస్తే నక్షత్రం చూస్తరు. మంచిది కాకుంటే ఆర్నెల్లు ఇల్లు మూసి పెట్టాలె. మా ఆయన పోయినప్పుడు మూసిన. ఆర్నెల్లు మంది అరుగుల మీద పండుకున్న నేను. మల్ల నాతోని కాదు. నీళ్లకు తిప్పలైతె మీరే పోతరనుకున్న."

కోపంగా చెప్పలేదు. అలిసిపోయిన మనిషి చెప్పినట్టు చెప్పింది. నాకు మాత్రం ఆ మాటతో అన్ని తలుపులూ మూసుకుపోయాయి. తప్పు నాదైతే దిద్దుకునే వీలుండేది. తప్పు నాయనమ్మ చావబోవడమైతే నేనేం దిద్దగలను?

అమ్మకు చెప్పాను. కొట్టలేదు. రాములవారి పటం ముందు నిలబడి చెంపలు వేసుకుంది. నాన్న మరో ఇల్లు వెతకడం మొదలుపెట్టాడు. ప్రతి గడపలోనూ మొదటి ప్రశ్న ఒకటే: "ఇంట్ల ముసలోళ్లు ఉన్నరా? ఎట్లున్నరు?" నాన్నకు అబద్ధం చెప్పడం చేతకాదు. ఖాళీగా ఉన్న ఇల్లు కూడా ఆ ప్రశ్న తరవాత ఖాళీ లేకుండా పోయేది. ఎక్కడా దొరకలేదు.

ఒక పొద్దున నీళ్లు పోసి పడుకోబెట్టాక నాయనమ్మ ఊపిరి మారింది. గొంతులో గురక లాంటిది మొదలైంది. ఆ చప్పుడు గోడ అవతలికి ఎలా తెలిసిందో, ఓనరమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ముఖమంతా తడి.

"అయ్యా, బయటికి తెండ్రి. మీ కాళ్లు మొక్కుత."

మంచాన్ని ఒక చివర నాన్న, ఇంకో చివర అమ్మ పట్టుకుని, ప్రహరీ దాటించి వీధిలో దించారు. మంచు కురుస్తోంది. తడి ఒంటి మీద దుప్పటి ఉన్నా నాయనమ్మ పెదవులు నల్లబడ్డాయి. కుంపటి తెచ్చి పెట్టాను, ఆ గాలికి అది ఏ మూలకు? నేను చేతులతో ఆమె చేతిని రుద్దుతూ, మనసులో దేవుణ్ని ఒకటే అడిగాను: బతికించమని కాదు, చలి లేకుండా తీసుకుపొమ్మని.

అప్పుడు వచ్చింది కట్టెలామె. అది మామూలుగా ఆమె వచ్చే పొద్దే. మంచాన్నీ, గేటు పక్కన నిలబడ్డ ఓనరమ్మనూ ఒకసారి చూసింది. నెత్తిన మోపు దించి, కట్టిన నార తెంపింది. మా కుంపట్లో నిప్పు తీసి, మంచానికి అటొక మంట ఇటొక మంట పెట్టింది. మోపంతా పెట్టింది. అది అమ్మితేనే ఆ రోజు వాళ్ల ఇంట్లో గంజి అని నాకు తెలుసు.

వీధిలో పోయే ఒకాయన, "తొవ్వల మంటేంది?" అని గదమాయించాడు.

"తొవ్వ నీ అయ్యదా? చలేస్తె నువ్వు గూడ కూసో," అంది తలెత్తకుండా.

అతను చెప్పులు విడిచి నిజంగానే కాసేపు కూర్చున్నాడు. ఓనరమ్మ లోపలికి పోయి తులసి తీర్థం తెచ్చి నాయనమ్మ నోట్లో పోసింది. ఆ ఒక్క పనికి నేను ఆమెను కూడా దండంతోనే తలుచుకుంటాను. కట్టెలు సగానికి కాలేసరికి నాయనమ్మ గుప్పిట వదులైంది. వేళ్లు వెచ్చగా ఉన్నాయి. అవి నా బుగ్గ దాకా రాలేదు, నేనే వంగి బుగ్గ ఆనించాను. ఊపిరి అక్కడే ఆగింది.

అందరూ ఏడుస్తున్న ఆ కలకలంలో కట్టెలామె ఎప్పుడు వెళ్లిపోయిందో చూడలేదు. మైలతో ఆ ఇంట్లోకి మళ్లీ పోలేక, తరవాతి పదిరోజులు నాన్న పనిచేసే డిపో రేకుల షెడ్డులో గడిపాం. పెద్దకర్మ అయ్యాక అమ్మ ఒక కొత్త చీర తీసుకుని, నన్ను వెంటబెట్టుకుని, కట్టెలమ్మేవాళ్లు దిగే చోటికి పోయింది. అక్కడ ఓ పదిమంది ఆడవాళ్లు మోపులు దించుకుని కూర్చున్నారు. ఆమె లేదు.

"మా వీధికి కట్టెలు తెచ్చే ఆమె ఏదమ్మా?" అని అడిగింది అమ్మ.

వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. "అందరం కట్టెలు తెచ్చెటోళ్లమే. పేరేంది?"

అమ్మ నావైపు చూసింది. నేను అమ్మవైపు చూశాను. రెండేళ్లు ఆమె మా గుమ్మానికి వచ్చింది. మా నాయనమ్మకు స్నానం చేయించింది. ఆమె పేరు మాలో ఎవరమూ అడగలేదు. ఏ గూడెమో కూడా అడగలేదు. ఆ చీరను అమ్మ వెనక్కి తెచ్చి, కట్టుకోనూ లేక, ఒకరికి ఇవ్వనూ లేక, పెట్టెలోనే ఉంచింది. తరవాత ఆ ఇంటికి మళ్లీ పోకుండానే మేము ఆ ఊరు వదిలేశాం.

ఇన్నేళ్లలో నాకు దేవుడు చాలా ఇచ్చాడు. సొంత ఇల్లు ఇచ్చాడు, గోడలో మీట నొక్కితే వేడినీళ్లు వచ్చే వైభోగం ఇచ్చాడు. ఇంటికి పాలు తెచ్చే అమ్మాయి అయినా, సిలిండరు మోసుకొచ్చే అతనైనా, నేను మొదట పేరు అడుగుతాను, ఊరు అడుగుతాను. ముసలామెకు చాదస్తమని మనవలు నవ్వుతారు. నవ్వనీ.

భద్రాచలం పోయి అర్చన చేయించినప్పుడు పూజారి పేర్లు చెప్పమంటాడు. మావాళ్లందరివీ వరసగా చెబుతాను. నాయనమ్మ పేరు తలుచుకుంటాను. ఆ తరవాత ఆగిపోతాను. ఇంకా ఎవరైనా ఉన్నారా అమ్మా అని ఆయన అడుగుతాడు. ఉన్నారు అంటాను. చెప్పమ్మా అని ఆయన ఎదురు చూస్తాడు. వెనక వరసలో జనం తోసుకుంటుంటారు. నా దగ్గర పేరు ఉండదు.