అక్కకు ఇచ్చిన కవర్లు

కోవిల్‌పట్టిలో పల్లీపట్టీలు చేయడం పెద్ద కష్టం కాదు. వాటికి సరైన కవర్లు సమయానికి రప్పించుకోవడమే నా ప్రాణం తీసింది. కవరు అతుకు గట్టిగా లేకపోతే లోపలికి గాలి దూరి పట్టీ మెత్తబడుతుంది. అలా మెత్తబడ్డ సరుకును, నా దగ్గర పట్టీలు కొనే చెన్నై దుకాణం ఒకసారి వెనక్కి పంపింది. మళ్ళీ ఇలా జరిగితే కొనేది లేదని మర్యాదగానే చెప్పారు. నా పొయ్యి వెలుగుతున్నదే ఆ దుకాణం పుణ్యాన.

కవర్లు చేసే అతనిది విరుదునగర్. మొదటిసారి వెళ్ళినప్పుడు తమిళంలోనే బేరం మొదలైంది. మధ్యలో అమ్మ ఫోన్ చేస్తే తెలుగులో జవాబిచ్చాను. అతని మొహం విచ్చుకుంది.

"మనవాండ్లా అక్కా? ముందే చెప్పేది గదా" అన్నాడు.

గడప దాటితే తమిళమే మాట్లాడే మాకు, బజారులో మన మాట వినబడితే మతి పోతుంది. ఇంకో ఇద్దరి దగ్గర కూడా చూద్దామని బయల్దేరినదాన్ని, వాళ్ళింట్లో కాఫీ తాగి ఆర్డరిచ్చి వచ్చేశాను. కవరును ఒక్కసారి లాగి చూసిన పాపాన పోలేదు.

అక్కడినుంచి మొదలయ్యాయి తిప్పలు. ఒకసారి మిషను చెడిపోయిందనేవాడు, ఇంకోసారి వెంబకోట్టైలో చుట్టాల పెళ్ళి అనేవాడు. తీరా వచ్చిన కవర్లు వేలితో లాగితే విడిపోయేవి. ఒళ్ళు మండి ఫోన్ చేస్తే, "కోపించుకోవద్దక్కా, కండిప్పుగా, తప్పకుండా రేపు పంపిస్తా" అనేవాడు. అక్కా అన్నాక ఏం తిడతాను? నాకు బెల్లం పంపే వ్యాపారిని మాత్రం తమిళంలో కడిగేసి, సరుకు తిప్పి పంపేదాన్ని. ఆయన మారుమాటాడకుండా మంచిది పంపేవాడు.

దీపావళికి చెన్నై నుంచి పెద్ద ఆర్డరొచ్చింది. పట్టీలు కోసి, పళ్ళేల్లో పరిచి, పనివాళ్ళూ నేనూ వాకిలి చూస్తూ కూర్చున్నాం. కవర్లు వచ్చాయి. లాగితే మళ్ళీ విడిపోయాయి. నాకు ఏడుపొచ్చింది. ఫోన్ తీశాను.

"చెప్పక్కా" అన్నాడు.

నేను తమిళం ఎత్తుకున్నాను. ఈ కవర్లు వెనక్కి తీసుకోండి, రేపటికి గట్టివి రాకపోతే వేరే చోటు చూసుకుంటానని నిదానంగా చెప్పాను. తనూ తమిళంలోనే, సరే మేడం అన్నాడు.

మర్నాడు పొద్దున్నే తనే బండి మీద తెచ్చి దించాడు. రెండు చేతులతో లాగినా అతుకు కదల్లేదు. ఇప్పటికీ ఒక్క రోజు ఆలస్యం కాకుండా పంపుతున్నాడు, మేడం అనే పిలుస్తున్నాడు. ఇంత బాగా చేయడం తెలిసినవాడు అక్కకెందుకు చేసివ్వలేదో, తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.